చద్దరు కప్పిన ఆవాజ్

మా ఇంట్లో ఒక గిటార్ ఆంప్లిఫయర్ ఉంది. అది నాకంటే వయసులో పెద్దది, నాకంటే గారాబంగా పెరిగింది. జోడ్‌భావి పేట్‌లోని మా ముందుగదిలో, దేవుడి పటాల కింద, సరిగ్గా ఫ్యాను గాలి తగిలే చోట దాని స్థానం. ఎండాకాలం మేమంతా చెమటలు తుడుచుకుంటూ అవతలి గోడకు చేరబడేవాళ్ళం. దాని మీదికి గాలి రాకుండా ఎవరైనా అడ్డం కూర్చుంటే మా బాపు ఊరుకునేవాడు కాదు.

బాపు దాన్ని పెట్టె అంటాడు. ముంబైలో ఏదో ఆర్కెస్ట్రా విడిపోయి ఎవరి సామాను వాళ్ళు అమ్ముకుంటున్నప్పుడు దీన్ని కొన్నాడట. తిరుగు ప్రయాణంలో తన సీటు దానికిచ్చి, తను రైలు తలుపు దగ్గర నిలబడి షోలాపూర్ దాకా వచ్చాడట. ఈ కథ చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోతుంది. అమ్మ కాన్పుకు తెలంగాణ వెళ్ళినప్పుడు ఆమెకు సీటు దొరికిందో లేదో ఆయనకు గుర్తు లేదు. నేను అడిగి చూశాను.

బాపు జీవితమంతా తువ్వాళ్ళు నేసే కార్ఖానాలో సాంచాల మీద పనిచేశాడు. పవర్‌లూములను మేం సాంచాలంటాం. పెళ్ళిళ్ళకూ పండుగలకూ మాత్రం గల్లీలోని ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. ఆ రోజుల్లో ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, వేరే మనిషిలా ఉండేవాడు. ఆ వేరే మనిషంటే నాకు చాలా ఇష్టం. పని నుంచి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా కంచం ముందు కూర్చునే మనిషికీ ఆయనకూ సంబంధం లేదనిపించేది.

పెట్టెలో ఈ కాలపు చిప్పులూ ట్రాన్సిస్టర్లూ లేవు. గాజు వాల్వులున్నాయి, వాటిలో చివర ఉండేవి రెండు పెద్దవి. ఆ రెండింటిలోంచి ఎంత కరెంటు పారాలో అదుపు చేసే చిన్న స్క్రూ ఒకటుంటుంది. దాన్ని సరిచూసుకోవడాన్ని బయాస్ పెట్టడం అంటారు. కరెంటు మరీ తక్కువైతే ఆవాజ్ పలచబడి గరగరలాడుతుంది. మరీ ఎక్కువైతే వాల్వు లోపలి రేకు పొయ్యిలో పెట్టిన అట్లకాడలా ఎర్రబడి, కాసేపట్లో వాల్వు చచ్చిపోతుంది. పోతూ పోతూ ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా వెంట తీసుకుపోవచ్చు. సరైన చోటేదో మీటరు చెబుతుంది, చెవి చెప్పదు. ఈ ఒక్క మాట దగ్గరే మా బాపుకూ నాకూ చెడింది.

నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివాను. అశోక్ చౌక్‌లో ఒక దుకాణంలో స్టెబిలైజర్లూ ఇన్వర్టర్లూ బాగుచేస్తాను. ఐటీఐలో మా మాస్టారు వాల్వు రేడియోల కాలం మనిషి. సిలబస్‌లో లేకపోయినా వాల్వుల పని నేర్పించారు. స్విచ్చి ఆపిన తరువాత కూడా మనిషిని విసిరికొట్టేంత కరెంటు లోపల నిలవ ఉంటుందని, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని పనిచేయాలని ఆయన చెబితే మిగతావాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు, ఎందుకంటే మా బాపు ఒకసారి ఆ పెట్టెలో చెయ్యి పెట్టి గోడకు కొట్టుకోవడం నేను చూశాను. అప్పటి నుంచి ఆయన దాని మూత తీయడం మానేశాడు. అలా ఆ పని నా చేతికి వచ్చింది.

మా పేటలో ఇంకో చిక్కు కూడా ఉంది. సాంచాలు నడుస్తున్నంతసేపూ లైనులో వోల్టేజీ కిందికి దిగి ఉంటుంది. కార్ఖానాలకు సెలవు, అంటే సుట్టీ నాడు సాంచాలన్నీ ఆగిపోతే వోల్టేజీ ఎగిరి కూర్చుంటుంది. పనిరోజున బయాస్ చక్కగా పెట్టినా, సుట్టీ నాడు అదే స్క్రూ, అదే లెక్క, వాల్వులు మాత్రం ఎర్రబడిపోతాయి. ఆర్కెస్ట్రాకు పిలుపులొచ్చేదేమో సుట్టీ రోజుల్లోనే. ఈ సంగతి అర్థమయ్యేలోపు మంచి వాల్వులు రెండు మసి చేసుకున్నాం. అందుకే నేనెప్పుడూ సాంచాలు ఆగిన రోజునే మీటరు పెట్టి చూసేదాన్ని. ప్రతిసారీ మూత విప్పే బాధ లేకుండా వెనక రేకుకు ఒక రంధ్రం చేసి, స్క్రూ అందులోంచి తిరిగేలా అమర్చాను కూడా. చేసినప్పుడు చాలా గొప్పగా అనిపించింది.

కొన్నేళ్ళు బాగానే గడిచింది. తరువాత బాపు ఫిర్యాదు మొదలైంది.

"ఏంది బిడ్డా, గిట్లున్నది ఆవాజ్? చద్దర్ కప్పి మాట్లాడినట్టున్నది."

చూశాను. మీటరు సరిగ్గా ఉంది. అయినా వాల్వులు మార్చాను. స్పీకరు విప్పి చూశాను. పాత కెపాసిటర్లు తీసి కొత్తవి వేశాను. గిటారు వైరు మార్చాను. నా చెవికి ఆ పెట్టె బ్రహ్మాండంగా పలుకుతోంది. ఆర్కెస్ట్రాలో క్యాసియో వాయించే బాబాయి, అంటే బాపుతో పాటు ఆ కార్ఖానాలోనే గుమాస్తాగా చేసిన మనిషి, విని తలూపాడు. బాపు మాత్రం మొహం చిట్లించాడు.

"ముందుగాల ఆవాజ్ ఎట్ల వచ్చేది? కత్తి లెక్క కోసుకుంట వచ్చేది. మొత్తం ఖరాబ్ చేసినవ్."

"మీటర్ బరోబర్ చూపిస్తున్నది బాపూ."

"మీటర్ గిటార్ వాయిస్తదా?"

ఈ మాట ఆయనకు చాలా నచ్చింది. ఆ తరువాత ఇంటికొచ్చిన ప్రతివాడి దగ్గరా అన్నాడు.

ఒకరోజు పని నుంచి వచ్చేసరికి బాపు టెస్టరు పట్టుకుని పెట్టె వెనక కూర్చుని ఉన్నాడు. నేను చేసిన రంధ్రంలోంచి స్క్రూ తిప్పుతున్నాడు. వాల్వులు రెండూ ఎర్రగా కాలుతున్నాయి. ఆయన తల ఒక పక్కకు వంచి, కళ్ళు మూసుకుని, తీగ మీటుతూ వింటున్నాడు. నేను పరుగెత్తి స్విచ్చి ఆపేశాను.

"ఇంకొంచెం తిప్పితే వచ్చేది," అన్నాడు.

"వాల్వు పోయేది."

"సాంచా మీద నూలు చుట్టిన బీముకు బరువు ఎంత ఎయ్యాల్నో నాకు ఎవడన్న చెప్పిండా? చేతికి తెలుస్తది. గిది గూడ గంతే."

అది అంతే కాదని చెప్పాను. వోల్టేజీ సంగతి చెప్పాను. ఆయన నా పెదవుల వంకే చూస్తూ అంతా విన్నాడు, విని, లేచి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి పేటంతా నా గురించి చెప్పుకుంది. చాయ్ బండి దగ్గర, పాన్ టేలా దగ్గర, కార్ఖానా గేటు దగ్గర బాపు ఒకటే పాట. చదువుకున్న బిడ్డ, మంచి పెట్టెను చెడగొట్టింది. ఆయన దాన్ని కోపంగా కూడా చెప్పేవాడు కాదు. జాలిగా చెప్పేవాడు, అదే నాకు ఒళ్ళు మండించేది.

నాకు ఎందుకంత మంట అంటే, నాకు ఆశ ఉంది కాబట్టి. స్టెబిలైజర్లు బాగుచేస్తూ బతుకు వెళ్ళదీయాలని నాకు లేదు. సొంతంగా ఒక చిన్న దుకాణం, బయట నా పేరు, లోపల గల్లీగల్లీకీ ఉన్న ఆర్కెస్ట్రాల పెట్టెలు, పండుగ మండళ్ళ సౌండు సామాను. అదీ నా కోరిక. మా పేటల్లో ఆ పని చేసే ఆడపిల్ల లేదు. ఉంటే నేనే అయ్యుండాలి. మండలి పెద్దమనిషి ఒకాయన తమ సామాను నాకే ఇస్తానని మాట కూడా ఇచ్చాడు. తరువాత ఎదురుపడినప్పుడు నవ్వి, "ముందు మీ బాపు పెట్టె బాగుచెయ్యమ్మా, మాది తర్వాత చూద్దాం," అన్నాడు. మా దుకాణం యజమాని ఆ మాట విని పగలబడి నవ్వాడు. నేను చేతిలో ఉన్న స్టెబిలైజరు మూత బిగించుకుంటూ కూర్చున్నాను.

ఆ వారం సుట్టీ నాడే అసలు విషయం బయటపడింది. అమ్మ పొయ్యి మీద పప్పు కుక్కరు పెట్టి, తను చుట్టిన బీడీలు బీడీ కార్ఖానాలో అప్పజెప్పి రావడానికి వెళ్ళింది. బాపు వంటింటి గడప దగ్గరే కూర్చుని గిటారుకు కొత్త తీగలు కడుతున్నాడు. నేను మేడ మీద బట్టలారేస్తున్నాను. సాంచాలు లేని రోజు మా పేటలో పక్కింటివాళ్ళ దగ్గు కూడా వినబడుతుంది. కుక్కరు విజిల్ వేసింది. మళ్ళీ వేసింది. మళ్ళీ మళ్ళీ వేసింది. ఆయన ఆపుతాడులే అనుకున్నాను. ఆపలేదు. మాడు వాసన మేడ మీదికి వచ్చింది. కిందికి దిగేసరికి బాపు అప్పుడే ముక్కు ఎగబీల్చి, తలెత్తి వంటింటివైపు చూస్తున్నాడు.

"ఏదో మాడుతున్నట్టున్నది గద," అన్నాడు.

పొయ్యి ఆపి వచ్చి ఆయన వీపు వెనక నిలబడ్డాను. మామూలు గొంతుతో బాపూ అన్నాను. తీగ బిగిస్తున్నాడు. ఇంకాస్త గట్టిగా అన్నాను. బిగిస్తూనే ఉన్నాడు. ముందుకు వచ్చి, గొంతు లేకుండా ఉత్త పెదవులతో, పప్పు మాడింది బాపూ అన్నాను.

"అయ్యో, మీ అమ్మ వచ్చి తిడ్తది ఇగ," అన్నాడు.

మా పేటల్లో చెవుడు బయటపడదు. కార్ఖానాలో సాంచాల మోతకు ఎవరి మాటా ఎవరికీ వినబడదు కాబట్టి అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. చేతులతో సగం, పెదవులతో సగం. ఆ అలవాటు ఇంటికీ వస్తుంది. ఎదురుగా వచ్చి, మొహంలో మొహం పెట్టి, గట్టిగా మాట్లాడటమే మాకు మర్యాద. అలాంటి చోట ఒక మనిషికి వినికిడి ఎప్పుడు తగ్గిందో, ఎంత తగ్గిందో ఎవరు కనిపెడతారు? సన్నటి ధ్వనులు ముందు పోతాయట. కుక్కరు విజిల్, గిటారు సన్న తీగ, కత్తిలా కోసుకుంటూ వచ్చే ఆ ఆవాజ్. చద్దరు పెట్టె మీద లేదు.

అమ్మ వచ్చాక మాడిన కుక్కరు తోముతూ చెప్పాను. ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను.

"నాకు ఎప్పటి సందో ఎర్కనే," అంది. "కరెంట్ పోయిన నాడు ఆయన మాట్లాడడు. చూడలేదా నువ్వు? చీకట్ల మనం ఏం మాట్లాడినా ఉలకడు పలకడు. ఎల్తురు వచ్చినంక మాట్లాడతడు."

నిజమే. కరెంటు పోతే బాపుకు చిరాకని, అందుకే ముంగిలా కూర్చుంటాడని అనుకునేవాళ్ళం.

"మరి చెప్పాలె గదనే అమ్మా. డాక్టర్‌కు చూపియ్యాలె."

"చెప్తే ఏమైతది? చెవుల మిషన్ పెట్టుకోమంటరు. పెట్టుకుంటడా? గిటార్ మూలకు పడేస్తడు. ఆర్కెస్ట్రాకు పోడు. ఇగ తాగుడు షురూ చేస్తడు, వాళ్ళ అన్న లెక్క. పెట్టె ఖరాబైందంటే ఆయన మంచిగుంటడు. ఉండనియ్యి."

"పెట్టె ఖరాబైందంటే నేను ఖరాబ్ చేసినట్టే గద. మరి నా పేరు?"

అమ్మ కుక్కరు బోర్లించి చేతులు కొంగుకు తుడుచుకుంది. "నీకు ముంగట చానా దినాలున్నయ్ బిడ్డా. ఆయనకు గదొక్కటే ఉన్నది. నువ్వు నోరు తెరిచినవంటే నా మీద ఒట్టే," అంది.

నేను నోరు తెరవలేదు. కానీ అమ్మ మీద నాకొచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు. ఇంట్లో ఎవరో ఒకరు తగ్గి ఉండాలంటే అందరి చూపూ తిన్నగా నా మీదికే ఎందుకు వస్తుందో నాకు తెలుసు, తెలిసినంత మాత్రాన మంట తగ్గదు.

కొంతం చౌక్ దగ్గరి ఒక హాల్లో కార్ఖానా పనివాళ్ళకు ఉచితంగా చెవులు పరీక్ష చేస్తున్నారని తెలిసినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. నేను చెప్పనని ఒప్పుకున్నాను, ఇంకొకరు చెబితే నా ఒట్టుకు పోయేదేమీ లేదు. బాపు జతగాళ్ళతో పాటు సరదాగా బయలుదేరాడు. నేను దుకాణానికి సెలవు పెట్టి వెంట వెళ్ళాను.

పెద్ద జాతరలా ఉంది. వరుసగా బెంచీల మీద సాంచా పనివాళ్ళు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి పరాచికాలు. చివర ఒక బల్ల, దాని మీద చిన్న మిషను. పరీక్ష చేసే మరాఠీ అమ్మాయి హెడ్‌ఫోన్లు తగిలించి, బటన్ నొక్కి సన్నని కూతలు వినిపిస్తుంది. వినబడినప్పుడల్లా చెయ్యెత్తాలి. అమ్మాయి పొద్దుటి నుంచి అదే పనిలో ఉండి అలసిపోయినట్టుంది, తల వంచుకుని మిషనునే చూస్తోంది.

బాపు వంతు వచ్చింది. ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. నేను ఆయన కళ్ళ వంక చూశాను. పరుగెత్తే వందల పోగుల్లో ఒక్క పోగు తెగితే పట్టుకునే కళ్ళవి. ఆ కళ్ళు అమ్మాయి మణికట్టు మీద ఉన్నాయి. ఆమె వేలు కదలగానే బాపు చెయ్యి లేచింది. వేలు కదిలింది, చెయ్యి లేచింది. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆయన మోసం చేస్తున్నాననుకుని చేయలేదు, ఆ మాట నేను ఒప్పుకుంటాను. ఆయన జీవితంలో వినడమంటే అదే. ఆ వరుసలో చాలామంది అలాగే పాసయ్యారు.

"కాకా, కాన్ ఏక్‌దమ్ చాంగ్లే ఆహేత్," అంది అమ్మాయి. చెవులు చాలా బాగున్నాయట.

జతగాళ్ళు ఈలలు వేశారు. నా గొంతు దాకా మాట వచ్చింది. ఆయన్ని అటు తిప్పి కూర్చోబెట్టి మళ్ళీ చూడమ్మా అంటే చాలు. బాపు నవ్వుతూ నా వంక చూశాడు. అంతమందిలో ఆయన కూర్చుని, చెయ్యెత్తకుండా ఉండిపోవడం కళ్ళ ముందు కనిపించింది. మాట మింగేశాను. అమ్మ ఒట్టు కోసమే కాదు, నాకూ చేతకాలేదు.

దారిలో చాయ్ బండి దగ్గర ఆగి బాపు అందరికీ వినబడేలా చెప్పాడు. "చెవులు పాస్. బిడ్డ ఫెయిల్." ఎవరో చాయ్ కప్పు ఎత్తి చీర్స్ కొట్టారు. నాకు కూడా ఒక చాయ్ ఇప్పించాడు బాపు. ఆ చాయ్ తాగాను. అంతకంటే చేదు పదార్థం నేను ఎరగను.

ఆ ఏడు మా కులదేవుడి రథం నాడు దారిలో మండపం వేసి ఆర్కెస్ట్రా పెట్టారు. ఆ రోజు సాంచాలన్నీ బంద్. అంతకు ముందు సుట్టీ నాడే నేను మీటరు పెట్టి, వోల్టేజీ ఎంత ఎగిరినా వాల్వులు తట్టుకునేలా కాస్త తగ్గించి బయాస్ పెట్టి ఉంచాను. ఇక ముట్టుకోవద్దని బతిమాలాను. పండుగ ముందు రోజు, సాంచాలు ఇంకా నడుస్తున్న సమయంలో, నేను దుకాణంలో ఉండగా, బాపు టెస్టరు తీశాడని తరువాత తెలిసింది.

మండపంలో మధ్యాహ్నం పాట మొదలైంది. ముందు వీధి నిండా జనం, తప్పెట్లు, గలగలలాడే లేజిములు. నేను వేదిక పక్క మెట్ల మీద నిలబడి పెట్టె వెనకవైపు చూశాను. వాల్వులు రెండూ నిప్పుకణికల్లా ఉన్నాయి. బాపూ అని అరిచాను. ఆయన వీపు నా వైపుంది. జనాన్ని తోసుకుని వేదిక ఎక్కేసరికి పెట్టెలోంచి టప్పుమని శబ్దం, కాలిన వార్నిషు వాసన. గిటారు ఆవాజ్ ఆగిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ పోయిందని ఆ వాసనే చెప్పింది.

బాపు ఆగలేదు. డ్రమ్ములు కొట్టే మనిషి చేతుల వంక చూస్తూ, తల ఊపుతూ, వాయిస్తూనే ఉన్నాడు. ఆయన వేళ్ళు తీగల మీద పరుగెడుతున్నాయి, ఏమీ వినబడటం లేదు. ముందు వరుసలో ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బయటపడే రోజు వచ్చిందనుకున్నాను. సిగ్గులేని మాటే అయినా చెబుతాను, నా మనసులో ఒక మూల హమ్మయ్య అనిపించింది.

అప్పుడు క్యాసియో బాబాయి ఒక చేత్తో ఏదో బటన్ నొక్కాడు. గిటారులా పలికే బటన్. బాపు వేళ్ళ వంకే చూస్తూ ఆయన వాయిస్తున్నదంతా క్యాసియో మీద అందుకున్నాడు. మండపం పైన కట్టిన పెద్ద భోంగా స్పీకర్లలోంచి ఆ ఆవాజ్ చెవులు చిల్లులు పడేలా కోసుకుంటూ వచ్చింది. బాబాయి నా వైపు తిరిగి, గొంతు లేకుండా, కార్ఖానాలో మాట్లాడినట్టు ఉత్త పెదవులతో "ఊకో బిడ్డా" అన్నాడు. అయితే ఆయనకూ తెలుసు. అమ్మకు తెలుసు, ఆయనకు తెలుసు, డ్రమ్ముల మనిషి నవ్వు చూస్తే అతనికీ తెలుసు. ఆర్కెస్ట్రా అంతా ఆయన చెవులను కాపాడుతూ వస్తోంది. నా పేరును కాపాడాలని మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

బాపు మొహం మారిపోయింది. ఎన్నో ఏళ్ళ తరువాత నేను చిన్నప్పుడు చూసిన ఆ వేరే మనిషి మొహం కనిపించింది. పాట అయిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. బాపు గబగబా వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

"ఇన్నవా? ఇగో, ఇప్పుడొచ్చింది ఆవాజ్! ఎవరు సెట్ చేసిన్రు? నేను చేసిన. నిన్న చెవితోటి సెట్ చేసిన. ఇన్నేండ్లు మీటర్ మీటర్ అని నన్ను సతాయించినవ్ గద."

నేను తలూపాను. తరువాత బాపు మైకు దగ్గరికి వెళ్ళి ఆ సంగతి జనానికి కూడా చెప్పాడు. చదువుకున్న బిడ్డ వల్ల కానిది తన చెవి చేసిందన్నాడు. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు ఆ పెట్టె ముందుగదిలో తన స్థానంలోనే ఉంది, ఫ్యాను గాలి కూడా దానికే. ఇంట్లో బాపు దాన్ని ఆన్ చేయనివ్వడు, సెట్టింగ్ చెడిపోతుందని. ఫంక్షన్లకు మాత్రం మోసుకెళ్ళి వేదిక మీద పెడతాడు. నేను లోపలి పెద్ద కరెంటు ఫ్యూజు తీసేశాను, కాబట్టి వాల్వుల్లో దీపాలు మాత్రం వెలుగుతాయి. పని అంతా క్యాసియో చేసుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ చుట్టించి బాగుచేయడం నాకు పెద్ద పని కాదు. బాగుచేస్తే ఆయనకు మళ్ళీ చద్దరు కప్పినట్టు వినబడుతుంది. అందుకే చేయను.

ఆ మండపం మాట ఊరంతా పాకింది. అక్కడక్కడా వాల్వు పెట్టెలు మిగిలిన ఆర్కెస్ట్రాల వాళ్ళు వాటిని మా ఇంటికి తేవడం మొదలుపెట్టారు, బాపు చెవితో బయాస్ పెట్టించుకోవడానికి. మొన్న ఇద్దరు వచ్చారు. నేను వెనక రేకు విప్పి పెడితే, బాపు కళ్ళజోడు సర్దుకుని, టెస్టరుతో స్క్రూ తిప్పి, తల పక్కకు వంచి, తీగ మీటించి, ఇప్పుడు బరోబర్ అన్నాడు. వాల్వులు ఎర్రబడుతున్నాయి. అమ్మ బాపునీ వాళ్ళనీ చాయ్ తాగడానికి గడప అవతలికి పిలిచింది, నా వంక చూడకుండా. నేను మీటరు తీసి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, స్క్రూ వెనక్కి తిప్పి, ముప్పై అయిదు మిల్లీ ఆంపుల దగ్గర ఆపాను.

వాళ్ళు లోపలికి వచ్చి గిటారు తగిలించి వాయించారు. పెట్టె తేనెలా పలికింది. వచ్చినవాళ్ళు బాపు కాళ్ళకు దండం పెట్టారు. అందులో పెద్దాయన నన్ను చూసి, అమ్మాయికి కూడా ఈ విద్య నేర్పించారా అని అడిగాడు.

బాపు ఆయన పెదవుల వంక చూసి, నా తల నిమిరి, మెల్లగా అన్నాడు. "మా బిడ్డకు మీటర్ చూసుడు వస్తది. చెవే లేదు పాపం."

నేను మీటరు వైర్లు చుట్టి సంచిలో పెట్టుకున్నాను.